కోరాపుట్, రాయగడల్లో రేడియో, టీవీ

ఒడిశా దక్షిణపు అంచున, మన్యం కొండలకు అవతలి వాలులో ఉన్న కోరాపుట్, రాయగడ జిల్లాలకు ఆకాశవాణి 1964లోనే వచ్చింది. కార్యక్రమాలు తయారుచేసే దూరదర్శన్ కేంద్రం మాత్రం రాలేదు. ఒడిశాలో అలాంటి కేంద్రాలు భువనేశ్వర్, సంబల్‌పుర్, భవానీపట్నాల్లో ఉన్నాయి. ఈ రెండు జిల్లాలకు దక్కినవి రిలే టవర్లు. ఎక్కడో తయారైన బొమ్మను అందుకొని చుట్టుపక్కల ఊళ్ళకు చల్లడమే వాటి పని. అందువల్ల ఇక్కడి టీవీ చరిత్రను ఒక స్టేషన్ చరిత్రగా రాయడం కుదరదు. రేడియో కేంద్రం, రిలే టవరు, కేబుల్ గది, డాబా మీది గొడుగు, చేతిలోని ఫోను వరుసగా వచ్చాయి. వాటిలో ఏది ఏ భాషను ఈ కొండల్లోకి మోసుకొచ్చింది, ఏ భాషను బయట నిలబెట్టింది అని చూస్తేనే ఆ చరిత్ర తెలుస్తుంది. ఏం వేయాలి, ఎప్పుడు వేయాలి అన్న నిర్ణయాలు ఢిల్లీలో జరిగాయి, కటక్, భువనేశ్వర్‌లలో జరిగాయి, కొంతకాలం హైదరాబాదులోనూ జరిగాయి.

నేల, నోళ్ళు

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడే దాకా ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం ఏజెన్సీలో ఉండేది. ఎక్కువ భాగం జయపురం సంస్థానానిది. ఆ గద్దె మీద కూర్చున్న విక్రమదేవ వర్మ ఒడియాలోనూ తెలుగులోనూ పండితుడు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఏటా లక్ష రూపాయల విరాళం ఇచ్చి తెలుగువాళ్ళ విద్యాచరిత్రలో స్థానం సంపాదించుకున్నాడు. పాలన ఒడిశాకు మారినా బజారు దారి మారలేదు. విజయనగరం నుంచి పార్వతీపురం మీదుగా రాయగడకు రైలు, సాలూరు ఘాటీ ఎక్కి కోరాపుట్, జయపురాలకు రోడ్డు ఉన్నాయి. సరుకు వచ్చిన దారినే సినిమా పెట్టె వచ్చింది, పత్రిక వచ్చింది, తర్వాత టీవీ కూడా వచ్చింది. రాయగడ, గుణుపురం, జయపురం బజార్లలో తెలుగు ఈనాటికీ వ్యాపారపు భాషే.

ఉమ్మడి కోరాపుట్ జిల్లా 1992 అక్టోబర్ 2న కోరాపుట్, రాయగడ, నవరంగపూర్, మల్కానగిరి జిల్లాలుగా విడిపోయింది. 2011 జనగణన ప్రకారం కోరాపుట్ జనాభా 13,79,647. రాయగడ జనాభా 9,67,911. రెండింట్లోనూ సగానికి పైగా ఆదివాసులే. చదవను రాయను వచ్చినవాళ్ళు రెండు చోట్లా సగానికి కాస్త తక్కువ. అచ్చు కంటే చెవికీ కంటికీ ఎక్కువ పని ఉండే నేల ఇది. రేడియో, టీవీల మీద ప్రభుత్వాలు పెట్టుకున్న ఆశకు కారణమూ అదే.

ఏ నోటితో మాట్లాడాలన్నదే ఇక్కడి చిక్కు. కోంధులలో కొందరిది కువి, కొందరిది కుయి. ఇవి ద్రావిడ భాషలు, తెలుగుకు చుట్టాలు. గదబలలో కొందరు మాట్లాడేది ముండా భాష, కొందరిది ద్రావిడ భాష. గుణుపురం వైపు సవర. వీళ్ళందరూ సంతలో కలుసుకున్నప్పుడు మాట్లాడుకునేది దేశియా. అది ఒడియాకు కొండ రూపం. కటక్ ఒడియా విని పెరిగినవాడికి మొదట సగమే అర్థమవుతుంది. సవరకు నిఘంటువు కూర్చినవాడు మన గిడుగు రామమూర్తి. సరిగ్గా ఒరిస్సా రాష్ట్రం పుట్టిన 1936లోనే గుణుపురం ప్రాంతపు మంగేయి గొమాంగో సవరకు ‘సొరాంగ్ సొంపెంగ్’ అనే సొంత లిపి కల్పించాడు. నిఘంటువూ లిపీ రెండూ ఉన్న ఆ భాషకు టీవీలో ఈనాటికీ సొంత ఛానల్ లేదు.

జయపురం రేడియో

ఒడిశాలో మొదటి ఆకాశవాణి కేంద్రం కటక్‌లో 1948 జనవరి 28న మొదలైంది. సంబల్‌పుర్ కేంద్రం 1963లో, జయపురం 1964లో వచ్చాయి. విశాఖపట్నం కేంద్రం 1963 ఆగస్టు 4న పుట్టింది కనుక కొండకు ఇటూ అటూ ఉన్న రెండు స్టేషన్లది దాదాపు ఒకే వయసు. సునాబేడలో మిగ్ విమానాల ఇంజన్ల కర్మాగారం పెట్టింది కూడా ఆ ఏళ్ళలోనే. ప్రభుత్వం ఈ మారుమూలను అప్పుడే గట్టిగా పట్టించుకోవడం మొదలుపెట్టింది.

జయపురం స్టేషన్ మీడియం వేవ్‌లో 1467 కిలోహెర్ట్జ్ మీద, 100 కిలోవాట్ల శక్తితో పలికేది. దానికి తోడు షార్ట్ వేవ్‌లో 5040 కిలోహెర్ట్జ్ మీద 50 కిలోవాట్ల ట్రాన్స్‌మిటర్ ఉండేది. రెండోదాని అవసరం ఏమిటో ఈ నేలను చూస్తే తెలుస్తుంది. మీడియం వేవ్ పగటిపూట నేలను పట్టుకొని నడుస్తుంది. మైదానంలో చాలా దూరం పోతుంది కానీ కొండ అడ్డొస్తే నీరసిస్తుంది. ఒడిశాలోకెల్లా ఎత్తయిన దేవమాలి శిఖరం, 1,672 మీటర్లది, ఈ జిల్లాలోనే ఉంది. దాని చుట్టూ లోయ తర్వాత లోయ. 60 మీటర్ల షార్ట్ వేవ్ మాత్రం నిటారుగా పైకెగిరి, ఆకాశపు పొరకు తగిలి, గొడుగు విప్పినట్టు కిందికి దిగుతుంది. మధ్యలో కొండ ఉన్నా లేకపోయినా దానికి ఒకటే. ఉష్ణమండల దేశాలు ఈ బ్యాండును దేశీయ ప్రసారాలకు వాడుకున్నది ఇందుకే.

దీనికి ఒక తమాషా ఫలితం కూడా ఉంది. పక్క లోయకని పంపిన గొంతు రాత్రివేళ సముద్రాలు దాటిపోయేది. దూరదేశపు స్టేషన్లను వేటాడి పట్టుకునే రేడియో ప్రియులు ప్రపంచమంతా ఉంటారు. 5040లో వినిపించే జయపురం వాళ్ళ జాబితాల్లో బాగా తెలిసిన పేరు. కోరాపుట్ ఎక్కడుందో తెలియని యూరపు మనిషికి జయపురం రేడియో తెలిసి ఉండటం ఆశ్చర్యమేమీ కాదు.

కార్యక్రమాల విషయానికొస్తే, ఆకాశవాణి ప్రాంతీయ కేంద్రాలన్నిటిదీ ఒకటే అచ్చు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం మూడు విడతల ప్రసారం. ఢిల్లీ వార్తలు, రాష్ట్ర వార్తలు, రైతులకు, స్త్రీలకు, పిల్లలకు, యువతకు తలొక భాగం. మిగిలిన సమయమే స్టేషన్‌ది. ఆ మిగిలిన సమయంలోనే జయపురం రేడియో తన ముద్ర చూపించింది. ఒడియాతో పాటు దేశియాను మైకు ముందుకు తెచ్చింది. కొండ ఊళ్ళ పాటలను రికార్డు చేసి వినిపించింది. సంతలో మాట్లాడుకునే మాట, రేడియో పెట్టెలోంచి, అదీ సర్కారువారి పెట్టెలోంచి వినిపించడం చిన్న విషయం కాదు. మన గోదావరి రైతుకు విజయవాడ కేంద్రంలో తన యాస వినిపించినప్పుడు కలిగిన సంబరమే అదీ.

అయితే సంబల్‌పుర్‌తో పోలిస్తే ఇక్కడ ఒక లోటు కనిపిస్తుంది. సంబల్‌పుర్ కేంద్రం 1970ల నడుమ ‘రంగబతి’ పాటను రికార్డు చేసింది. మిత్రభాను గౌంటియా రాసిన ఆ పాటను జితేంద్ర హరిపాల్, కృష్ణా పటేల్ పాడారు. అది గ్రామఫోను రికార్డుగా వచ్చి సంబల్‌పురి మాటకు దేశమంతా గుర్తింపు తెచ్చింది. రేడియోలో పుట్టిన పాట రికార్డు కంపెనీ చేతికి, అక్కడి నుంచి పెళ్ళిమేళానికి చేరాలంటే మధ్యలో ఆ భాష మాట్లాడే పట్టణాలు, కొనే జనం ఉండాలి. సంబల్‌పురికి అవి ఉన్నాయి. దేశియా పాడేవాళ్ళకు లోటు లేదు, కొనేవాళ్ళే తక్కువ. జయపురం రేడియో గొప్ప పాటలు వినిపించలేదని దీని అర్థం కాదు. వినిపించిన పాటను బయటికి మోసుకెళ్ళే బజారు ఆనాడు లేదు, అంతే.

రేడియో ఈ కొండల్లో టీవీ కంటే ఎందుకు ముందుందో చెప్పడానికి కరెంటు స్తంభాన్ని చూస్తే చాలు. ఉమ్మడి కోరాపుట్ కొండల్లోని మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు 1955 నుంచే వెలుగుతోంది. అది ఆంధ్ర, ఒడిశాలది ఉమ్మడి ప్రాజెక్టు. తీగలు విశాఖపట్నం దాకా వెళ్ళాయి. ఆ తీగల కిందనున్న గూడేలకు మాత్రం కరెంటు రావడానికి దశాబ్దాలు పట్టింది. ట్రాన్సిస్టరుకు నాలుగు సెల్లులు చాలు.

తప్పిపోయిన ప్రయోగం, దిగివచ్చిన హిందీ

1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీ చూపించిన ‘సైట్’ ప్రయోగం భారతీయ టెలివిజన్‌కు తొలి పెద్ద పరీక్ష. ఒడిశా, ఆంధ్రప్రదేశ్ రెండూ అందులో ఉన్నాయి. కార్యక్రమాలు తయారుచేసే కేంద్రాలు మూడు: ఢిల్లీ, హైదరాబాద్, కటక్. రోజుకు నాలుగు గంటలు, పొద్దున బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు. పంచాయతీ ముంగిట ఇనుపవల అల్లిన పెద్ద గొడుగు, ఒక టీవీ, ఊరంతా నేల మీద. ఒడిశా వంతుకు ఎంచుకున్నవి సంబల్‌పుర్, ఢెంకనాల్, ఫుల్బాణీ వైపు పల్లెలు. ఆంధ్రలో హైదరాబాదు చుట్టుపక్కల జిల్లాలు, కర్నూలు. అటు చూసినా ఇటు చూసినా కోరాపుట్ మధ్యలో మిగిలిపోయింది. ఈ ప్రయోగం వేసిన పునాది మీదే 1977 అక్టోబర్ 23న హైదరాబాద్ దూరదర్శన్ లేచి నిలబడింది.

టీవీ ఈ కొండలకు వచ్చింది 1980ల విస్తరణలో. 1983లో ఇన్‌శాట్-1బి కక్ష్యలోకి చేరాక, 1984లో కొన్ని నెలల పాటు దేశంలో రోజుకొక ట్రాన్స్‌మిటర్ చొప్పున ప్రారంభించారు. చిన్న పట్టణాలకు ఇచ్చినవి ఎక్కువగా 100 వాట్ల తక్కువ శక్తివి. వాటి మాట పాతిక కిలోమీటర్ల లోపే చెల్లుతుంది, కొండల మధ్య అంతకూడా కాదు. పటం మీద కంపాసుతో గుండ్రంగా గీసి, ఈ గీత లోపల ఇంత జనాభా, ఇంతమందికి టీవీ అందింది అని లెక్క కట్టేవారు. గీత లోపలి గూడెం కొండ నీడలో ఉందా, అక్కడ కరెంటుందా అన్నది ఆ లెక్కలోకి రాదు.

అసలు నిర్ణయం శక్తి గురించి కాదు, బొమ్మ ఏ దారిన రావాలన్నదాని గురించి. తక్కువ శక్తి టవర్లకు బొమ్మ ఉపగ్రహం నుంచి రావాలి. ఉపగ్రహానికి ఎక్కించేది ఢిల్లీ. భువనేశ్వర్ కార్యక్రమాన్ని కోరాపుట్ టవరుకు చేర్చాలంటే దాన్ని కూడా ఉపగ్రహానికి ఎక్కించే ఏర్పాటు కావాలి, లేదా మైక్రోవేవ్ లింకు వేయాలి. అవి వచ్చే దాకా ఈ టవర్లు పొద్దు గూకేసరికి హిందీ, ఇంగ్లీషు మాట్లాడేవి. దీన్ని కుట్ర అనక్కర్లేదు, చవక దారి అంటే సరిపోతుంది. పి. సి. జోషి నాయకత్వంలోని కార్యబృందం ఆ దశకంలోనే దూరదర్శన్ ఢిల్లీ చూపు వదిలి ప్రాంతాల వైపు తిరగాలని గట్టిగా చెప్పింది. టవర్లు లేచినంత వేగంగా స్టూడియోలు లేవలేదు.

అయినా జనం చూశారు. 1987 జనవరి 25న మొదలైన ‘రామాయణ్’, 1988 అక్టోబర్ 2న మొదలైన ‘మహాభారత్’ ఆదివారం పొద్దుటి బజార్లను ఖాళీ చేశాయి. ఆ కథలకు భాష అడ్డు కాలేదు. రాముడు ఏం చేస్తాడో సీతకు ఏమవుతుందో తెలియనివాడు ఎవడు? భాష అడ్డొచ్చింది మిగిలిన ఆరు రోజులకు. వ్యవసాయం, టీకాలు, పంట ధరల గురించి ఢిల్లీ చెప్పే మాట కువి మాట్లాడే మనిషికి ఎంత చేరుతుంది? పనికొచ్చే మాటలు చేరకుండా పురాణం మాత్రం చేరిన మాధ్యమం ఇక్కడ టీవీయే.

కేబుల్ గదిలో ఒక్క మనిషి

1990ల నడుమ ఈ ప్రాంతపు టీవీలో తెలుగు బలంగా అడుగుపెట్టింది. 1995లో జెమిని, అదే ఏడు ఆగస్టు 27న ఈటీవీ మొదలయ్యాయి. అప్పటికి ఒడియాలో ప్రైవేటు ఉపగ్రహ ఛానల్ లేదు. రాయగడలోనో జయపురంలోనో కేబుల్ పెట్టినవాడికి, ఒడియా చూడాలంటే దూరదర్శన్, పూటంతా సినిమాలూ పాటలూ కావాలంటే తెలుగు లేదా హిందీ అన్నట్టు ఉండేది.

స్థానిక టెలివిజన్ అన్న మాటకు ఇక్కడ దగ్గరగా వచ్చింది ఈ కేబుల్ గదే కనుక దాని పద్ధతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. డాబా మీద రెండు మూడు పెద్ద గొడుగులు. కింద గదిలో ఒక్కో ఛానల్‌కు ఒక రిసీవరు, ఒక మాడ్యులేటరు. అన్నిటినీ కలిపి తీగలోకి తోసే కంబైనరు. అక్కడి నుంచి చెట్లకూ కరెంటు స్తంభాలకూ కట్టిన నల్లటి కేబుల్, సందుకొక ఆంప్లిఫయరు. ఆనాటి టీవీల్లో చాలావాటికి పది పన్నెండు మీటలే ఉండేవి. అందువల్ల ఏ ఛానల్‌ను ఏ మీట మీద పెట్టాలన్నదే అసలైన కార్యక్రమ నిర్ణయం. స్పష్టంగా కనిపించే కింది మీటలకు గిరాకీ ఎక్కువ. ఆ నిర్ణయం చేసే మనిషి ఏ పదవిలోనూ లేడు. నెల తిరిగేసరికి ఇంటింటికీ వచ్చి డబ్బులు వసూలు చేసుకునేది అతనే. పై వీధి వాళ్ళు ఒడియా, కింది వీధి వాళ్ళు తెలుగు, రైల్వే క్వార్టర్లలో హిందీ, ఒక బెంగాలీ ఇల్లు. అందరి తిట్లూ అతనికే. భువనేశ్వర్‌లో కూర్చున్న ఏ అధికారికీ ప్రేక్షకుల అభిరుచి అంత దగ్గరగా తెలిసే అవకాశం లేదు.

ఒక ఛానల్‌ను మాత్రం ఆపరేటరు తనకోసం అట్టే పెట్టుకునేవాడు. వీసీఆరో, తర్వాతి కాలంలో డీవీడీయో పెట్టి మధ్యాహ్నం ఒక సినిమా, రాత్రి ఒక సినిమా. తెర అడుగున పాకుతూ పోయే అక్షరాల్లో బట్టల కొట్టు, ట్యూషను, వైద్యుడి సమయాలు, తప్పిపోయిన ఆవు, పెద్దకర్మ ఆహ్వానం. దసరాకు జయపురం బజారు, రథయాత్రకు కోరాపుట్ కొండ మీది శబర శ్రీక్షేత్రం, చైత్రంలో రాయగడ మజ్జిగౌరమ్మ జాతర వంటివి కెమెరా పట్టిన కుర్రాడు తీసుకొస్తే మర్నాడు తెర మీద. ఊరి మొహం టీవీలో కనిపించేది ఈ ఛానల్‌లోనే. కోస్తాంధ్రలో, దక్షిణ ఒడిశాలో చిన్న పట్టణాలన్నిటా ఇదే రివాజు. హక్కులు లేని సినిమాలు వేశారన్న కేసులూ అందులో భాగమే.

కేబుల్ చట్టం 1995లో వచ్చింది. అప్పట్లో కేబుల్ నడపదలచినవాడు హెడ్ పోస్టాఫీసులో పేరు నమోదు చేయించుకోవాల్సి ఉండేది. కార్యక్రమాల నియమావళి, ప్రకటనల నియమావళి పాటించాలి. దూరదర్శన్‌ను తప్పనిసరిగా చూపాలి. 2000లో చేసిన సవరణతో రెండు దూరదర్శన్ ఛానళ్ళకు తోడు రాష్ట్ర భాషలోని దూరదర్శన్ ఛానల్ ఒకటి కూడా ముందు మీటల్లో ఉండాల్సి వచ్చింది. కోరాపుట్‌లో ఆ చోటు డీడీ ఒడియాది. తెలుగు ఛానళ్ళు చట్టం అండ లేకుండా, చూసేవాళ్ళ గిరాకీ మీదే నిలబడ్డాయి. ఆ గిరాకీ ఎంతటిదో ఈ బజార్లలో ఎవరిని అడిగినా చెబుతారు.

1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పింది. ఆ ధర్మాసనంలో విడిగా తీర్పు రాసిన జస్టిస్ బి. పి. జీవన్‌రెడ్డి తెలుగువారు. ప్రభుత్వపు గుత్తాధిపత్యం తప్పన్న ఆ మాటతో తర్వాత ఎక్కువ లాభపడింది ప్రైవేటు కంపెనీలు. సొంత భాషలో మాట్లాడుకోవాలనుకునే సమాజాల వంతు వచ్చేసరికి మరో పదేళ్ళు గడిచాయి.

తేరుబలి పొగగొట్టం, రామోజీ స్టూడియో

ఒడియా ప్రైవేటు టీవీ పుట్టుకకు రాయగడతో ఒక అనుకోని చుట్టరికం ఉంది. బన్సీధర్ పండా 1961లో ఇంఫా అనే లోహ సంస్థను స్థాపించి రాయగడకు దగ్గరలో తేరుబలిలో కర్మాగారం పెట్టాడు. ఉక్కులో కలిపే మిశ్రలోహాలు కరిగించే కొలుములవి. ఆ కుటుంబంలోని తర్వాతి తరం, జగీ మంగత్ పండా, బైజయంత్ పండాలు, 1995లో ఆర్టెల్ అనే కేబుల్ సంస్థను భువనేశ్వర్‌లో మొదలుపెట్టారు. ఆ కేబుల్ తీగ మీద స్థానిక ఛానల్‌గా 1997లో ఓటీవీ పుట్టింది. 2006లో ఉపగ్రహం ఎక్కి రాష్ట్రమంతటికీ చేరింది. ఊరి కేబుల్ ఛానల్ పెరిగి పెద్దదై రాష్ట్రపు వార్తా ఛానల్ అయిన కథ ఇది. తేరుబలి పక్కనే ఉన్న రాయగడ కేబుల్ ఛానళ్ళకు ఆ యోగం పట్టలేదు. పెట్టుబడి కొలిమి దగ్గర, స్టూడియో రాజధానిలో.

ఈలోగా 2002 జనవరిలో ఈటీవీ ఒడియా మొదలైంది. రామోజీరావు సంస్థ పలు భాషల్లో వరుసగా తెరిచిన ఛానళ్ళలో అదొకటి. దాని ఊపిరి హైదరాబాద్ శివార్లలోని రామోజీ ఫిల్మ్ సిటీలో ఉండేది. జిల్లాల నుంచి విలేఖరులు పంపిన దృశ్యాలు అక్కడికి చేరేవి, ఒడియా వార్తలై ఒడిశాకు తిరిగి వచ్చేవి. కోరాపుట్ వార్త కోరాపుట్‌కు హైదరాబాద్ చుట్టి రావడం ఆనాటి వ్యాపార లెక్కల్లో సబబే. ఒకే చోట స్టూడియోలు, ఒకే చోట సాంకేతిక సిబ్బంది ఉంటే అన్ని భాషలకూ ఖర్చు తగ్గుతుంది. ఆ ఛానళ్ళు 2014లో నెట్‌వర్క్18 చేతికి వెళ్ళాయి. వినోద ఛానల్ 2015లో కలర్స్ ఒడియా అయింది. తరంగ్, సార్థక్ లాంటి ఒడియా వినోద ఛానళ్ళు వచ్చాక సాయంత్రపు సీరియల్ కోసం తెలుగు ఛానల్ పెట్టుకోవాల్సిన అవసరం ఒడియా ఇళ్ళకు తగ్గింది. తెలుగు ఇళ్ళకు తగ్గలేదు.

ప్రభుత్వం చేసిన మరో ప్రయత్నం

గుజరాత్‌లో ఖేడా జిల్లాకు ఇస్రో, దూరదర్శన్ కలిసి చిన్న ట్రాన్స్‌మిటరు పెట్టి, ఊరివాళ్ళతో కలిసి వాళ్ళ సమస్యల మీదే కార్యక్రమాలు తీశాయి. 1984లో దానికి యునెస్కో బహుమతి వచ్చింది. 1996లో మధ్యప్రదేశ్‌లోని ఆదివాసీ జిల్లా ఝాబువాలో 150 పల్లెలతో మరో ప్రయోగం జరిగింది. ఆ వరుసలో ఒడిశాకు వచ్చింది గ్రామ్‌శాట్. కలహండి, బొలంగీర్, కోరాపుట్ పాత జిల్లాలు విడిపోయి ఏర్పడ్డ ఎనిమిది జిల్లాలను కేబీకే అంటారు. వాటిలో 80 బ్లాకులు. కరువుకూ ఆకలికీ పేరుపడ్డ ఆ జిల్లాల మీదే పథకం దృష్టి. భువనేశ్వర్ స్టూడియోలో అధికారి మాట్లాడితే బ్లాకు కార్యాలయంలో బొమ్మ కనిపిస్తుంది. అక్కడివాళ్ళు ఫోనులో ప్రశ్న అడగవచ్చు. బొమ్మ ఒక దిక్కుకే, మాట రెండు దిక్కులకూ.

ఖేడాకూ దీనికీ తేడా ఆ అమరికలోనే ఉంది. ఖేడాలో కెమెరా పల్లెలో తిరిగింది. ఇక్కడ కెమెరా రాజధానిలో నిలబడింది. సర్పంచులకు, అంగన్‌వాడీ కార్యకర్తలకు, సిబ్బందికి శిక్షణ ఇవ్వడానికి ఆ ఏర్పాటు చక్కగా పనికొచ్చింది. టెలివిజన్‌గా ఊరిలోకి దిగలేదు.

ధింసా పేరుతో ఒక రేడియో

2002లో విద్యాసంస్థలకే పరిమితంగా మొదలైన సామాజిక రేడియో విధానాన్ని కేంద్రం 2006 నవంబరులో స్వచ్ఛంద సంస్థలకూ విస్తరించింది. మన జహీరాబాద్ పక్కన దళిత స్త్రీలు నడిపే సంఘం రేడియో 2008 అక్టోబర్ 15న పలకడం మొదలుపెట్టింది. కోరాపుట్‌లో సోవా అనే స్వచ్ఛంద సంస్థ పెట్టింది రేడియో ధింసా. పేరు చెప్పగానే అరకు వెళ్ళినవాళ్ళకు వలయంగా చేతులు కలిపి ఆడే ఆట గుర్తొస్తుంది. సరిహద్దుకు ఇటూ అటూ ఆ ఆట ఒకటే. ఇందులో మాట దేశియా. మాట్లాడేవాళ్ళు, పాడేవాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే. ఉపాధి హామీ కూలీ, బాలింత ఆరోగ్యం, బడి, పంట వంటి సంగతులు సంత మాటలో నడుస్తాయి.

నియమాలు గట్టివే. ప్రసార శక్తి మామూలుగా 100 వాట్లకు మించకూడదు. సగానికి తగ్గకుండా కార్యక్రమాలు స్థానికంగా తయారవ్వాలి. సొంత వార్తలు చెప్పకూడదు, ఆకాశవాణి వార్తలు మాత్రం తిరిగి వినిపించవచ్చు. ఊరి బావి ఎండిపోయిందని చెబితే అది సమాచారమా వార్తా? ఈ ప్రశ్న దేశంలో ప్రతి సామాజిక రేడియోకీ ఎదురైనదే. అయినా ఈ జిల్లాల్లో కార్యక్రమ నిర్ణయం నిజంగా స్థానికంగా జరిగే చోటు పేరు చెప్పమంటే, పెద్ద టవరున్న జయపురం కంటే ముందు చెప్పాల్సింది ఈ చిన్న స్టేషన్ పేరే.

వార్తల్లో కనిపించే కొండలు

రాజధాని ఛానళ్ళలో ఈ జిల్లాలు వార్తగా మారేది ఎక్కువగా ఏదైనా జరిగినప్పుడే. 2012 మార్చిలో లక్ష్మీపూర్ శాసనసభ్యుడు ఝినా హికాకాను మావోయిస్టులు ఎత్తుకుపోయిన నెల రోజులు అలాంటివి. 2013 వేసవి దాటాక నియమగిరి పల్లెసభలు మరో రకం. సుప్రీంకోర్టు ఏప్రిల్ 18 తీర్పు మేరకు 12 పల్లెసభలు జరిగాయి. ఏడు రాయగడ జిల్లాలో, అయిదు కలహండిలో. పన్నెండూ బాక్సైటు తవ్వకం వద్దన్నాయి. డోంగ్రియా కోంధులు తమ మాటలో కువి మాట్లాడుతుంటే దేశమంతా తెర మీద చూసింది. టీవీలో కువి అంత గట్టిగా వినిపించిన సందర్భం అంతకు ముందు లేదు, తర్వాతా అరుదు. 2016 ఆగస్టులో పక్క కలహండిలో ఒక ఆదివాసి భార్య శవాన్ని భుజాన వేసుకొని నడిచిపోవడం ప్రపంచం చూసిందంటే అక్కడ ఓటీవీ స్థానిక విలేఖరి కెమెరా ఉండబట్టే. స్టూడియో లేకపోయినా మనిషి ఉంటే ఎంత తేడా వస్తుందో ఆ దృశ్యం చెబుతుంది.

కొటియా సంగతి వేరు. సాలూరుకూ పొట్టంగికీ మధ్యనున్న ఆ పల్లెలు తమవంటే తమవని ఆంధ్ర, ఒడిశాలు 1968 నుంచి సుప్రీంకోర్టులో తగాదా పడుతున్నాయి. 2021 ఫిబ్రవరిలో అక్కడ ఆంధ్రప్రదేశ్ పంచాయతీ ఎన్నికలు జరిపినప్పుడు రెండు భాషల ఛానళ్ళూ ఘాటీ ఎక్కాయి. ఒకే ఊరు తెలుగు తెర మీద గంజాయిభద్ర, ఒడియా తెర మీద గంజాయిపదర్. తెలుగు వార్తలో మన గిరిజనులకు మన పింఛను, రేషను. ఒడియా వార్తలో మన నేల మీద పొరుగు రాష్ట్రపు చొరబాటు. ఆ ఊళ్ళలో ఇంట్లో మాట్లాడేది కువి. రెండు కెమెరాల ముందూ వాళ్ళు రెండు రకాల పరభాషల్లో జవాబు చెప్పాల్సి వచ్చింది. రెండు వైపులా పథకాలు అందుకుంటున్నవాళ్ళు ఆ జవాబుల్లో చూపిన లౌక్యం ఏ వ్యాఖ్యాతకూ తీసిపోయేది కాదు.

ఆరిన టవర్లు

2004 డిసెంబరులో దూరదర్శన్ నెలవారీ రుసుము లేని డీటీహెచ్ సేవ మొదలుపెట్టింది. తర్వాత దాని పేరు డీడీ ఫ్రీ డిష్ అయింది. కేబుల్ తీగ ఎన్నడూ ఎక్కని గూడేలకు టీవీని చేర్చింది రిలే టవరు కంటే ఈ గొడుగే. ఒకసారి కొనుక్కుంటే చాలు, ఆపరేటరు లేడు, నెల బిల్లు లేదు. కేబుల్‌ను సెట్ టాప్ బాక్సులకు మార్చే పని 2017 మార్చి నాటికి పల్లెల దాకా వచ్చింది. దాంతో మీటల కొరత పోయింది, కేబుల్ గదిలోని మనిషి చేతిలో ఉన్న నిర్ణయమూ పోయింది. ఛానళ్ళ వరుస ఇప్పుడు పెద్ద కంపెనీల బేరంలో తేలుతుంది. ఊరి ఛానల్ వేసుకోవాలన్నా వాళ్ళ బాక్సులో చోటు కొనుక్కోవాలి.

దూరదర్శన్ 2021–22లో దేశమంతటా పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను, కొన్ని సరిహద్దు ప్రాంతాల్లోవి తప్ప, దశలవారీగా ఆపేసింది. దేశంలోని చాలా పట్టణాల్లో 1980ల నాటి టవరు కింది గదికి తాళం పడింది. జయపురం షార్ట్ వేవ్ కూడా మూగబోయింది.

2016 తర్వాత చవక డేటా రావడంతో జయపురం రేడియోకు ఆనాడు దొరకని బజారు ఫోనులో దొరికింది. కోరాపుటియా, దేశియా పాటల వీడియోలు ఇప్పుడు కుప్పలు తెప్పలు. దేవమాలి మీద, కొలాబు జలాశయం ఒడ్డున, గుప్తేశ్వరం దారిలో డ్రోను ఎగరేసి తీస్తారు. ధింసా అడుగుకు కీబోర్డు దరువు జోడిస్తారు. పాటల చివర్లో పేర్లు వేస్తారు. ఆ అక్షరాలు ఒడియా లిపిలో ఉంటాయి. కింద వ్యాఖ్యల్లో సాలూరు, అరకు, పాడేరుల నుంచి వచ్చినవి తెలుగు లిపిలో.